ఒక ఫ్రేమ్, రెండు క్షణాలు: పాత పెళ్లి టేపుల ఫీల్డ్‌ల గురించి బహిరంగ లేఖ

వికారాబాద్, తాండూరు పట్టణాల వీడియోగ్రాఫర్లకు, మిక్సింగ్ యూనిట్ల వారికి, స్థానిక కేబుల్ చానెళ్ల ఎడిటర్లకు,

ఇంటర్‌లేస్డ్ వీడియోలో ఫ్రేమ్ ఒకటే అయినా అందులో ఉండే క్షణాలు రెండు. కెమెరా ముందు గీత విడిచి గీత చదువుతుంది. సెకనులో యాభయ్యో వంతు గడిచాక, విడిచిన గీతలను చదువుతుంది. ఇలా చదివిన ఒక్కో విడతను ఫీల్డ్ అంటారు. భారతదేశం పాటించిన పాల్ పద్ధతిలో మొత్తం గీతలు 625, బొమ్మ ఉండేది 576 గీతల్లో, ఒక్కో ఫీల్డ్‌కు వచ్చేవి 288. సెకనుకు 25 ఫ్రేములు, అంటే 50 ఫీల్డ్‌లు. కెమెరా 50 వేర్వేరు క్షణాలను చూసింది. వాటిని రెండేసి చొప్పున అల్లి 25 ఫ్రేములుగా టేపు మీద రాసింది. కంప్యూటర్‌లో ఆ టేపుతో పని చేసేటప్పుడు వచ్చే చిక్కులు దాదాపు అన్నీ ఈ అల్లిక దగ్గరే పుడతాయి.

జర్మనీలో టెలిఫుంకెన్ సంస్థ ఇంజనీరు ఫ్రిట్జ్ ష్రోటర్ 1930లో ఈ పద్ధతికి పేటెంట్ దరఖాస్తు చేశాడు. ప్రసారానికి పట్టే బ్యాండ్‌విడ్త్ పెంచకుండా, పిక్చర్ ట్యూబ్ మీద బొమ్మ మినుకుమినుకుమనకుండా చూడడానికి అంతకంటే మంచి మార్గం ఆనాడు లేదు. 1959లో ఢిల్లీలో మొదలైన దూరదర్శన్ ప్రసారమైనా, 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల పల్లెలకు చేరిన సైట్ ప్రయోగమైనా, 1982లో వచ్చిన రంగుల టీవీ అయినా 625 గీతల ఇంటర్‌లేస్డ్ బొమ్మలే. ట్యూబ్ టీవీ కూడా ఒక ఫీల్డ్ తర్వాత ఒకటి గీసేది కాబట్టి చూసేవారికి తేడా తెలియలేదు. ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ తెరలు మొత్తం ఫ్రేమ్‌ను ఒక్కసారే చూపుతాయి. అలాంటి తెరల మీద రెండు క్షణాలు ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి.

వికారాబాద్, తాండూరు ఇళ్లలో బీరువాల్లో ఉన్న లగ్గం క్యాసెట్లు ఈ కాలానికి చెందినవి. తొంభైలలో వీహెచ్‌ఎస్, తర్వాత సోనీ పీడీ 170, పానాసోనిక్ ఎండీ 10000 వంటి కెమెరాల మినీ డీవీ, ఆపైన హెచ్‌డీవీ, ఏవీసీహెచ్‌డీ. ఇప్పుడు ఆ పెళ్లిళ్ల పిల్లలకు పెళ్లిళ్లు అవుతున్నాయి. ఫంక్షన్ హాలు ఎల్‌ఈడీ తెర మీద అమ్మానాన్నల తలంబ్రాలు వేయాలనో, ఇరవై అయిదేళ్ల పెళ్లిరోజుకు పాత టేపుతో కొత్త టైటిల్ వీడియో చేయాలనో కుటుంబాలు మిక్సింగ్ యూనిట్లకు వస్తున్నాయి. ఆ టేపుల్లో కనిపించే పెద్దల్లో చాలామంది ఇప్పుడు లేరు. వారు నడుస్తున్నట్టు, నవ్వుతున్నట్టు మిగిలిన చూపు అదొక్కటే. అందులో సగం క్షణాలు ఒక తప్పు సెట్టింగ్ వల్ల పోవడం అన్యాయం.

తలంబ్రాల షాట్‌ను ఒక ఫ్రేమ్ దగ్గర ఆపి, నాలుగింతలు పెద్దది చేసి చూస్తే విషయం తేటగా తెలుస్తుంది. వరుడి దోసిట్లోంచి జారిన బియ్యపు గింజ సెకనుకు రెండు మీటర్ల వేగంతో పడుతుందనుకుంటే, రెండు ఫీల్డ్‌ల మధ్య అది నాలుగు సెంటీమీటర్లు దిగుతుంది. కాబట్టి ఒకే గింజ ఆ ఫ్రేమ్‌లో రెండు చోట్ల ఉంటుంది: పైన ఉన్నది సరి గీతల్లో, కింద ఉన్నది బేసి గీతల్లో. రెండూ చీలికలు చీలికలుగా, వెనకాల పట్టుచీర కనిపిస్తూ ఉంటాయి. వధువు చెయ్యి అడ్డంగా కదులుతుంటే గాజుల అంచు దువ్వెన పళ్లలా విడిపోతుంది. కదలని వాటికి ఈ బెడద లేదు. మండపం స్తంభం, గోడ మీద పేర్లు, కూర్చుని చూస్తున్న పెద్దమనిషి భుజం 576 గీతల పూర్తి నిగ్గుతో ఉంటాయి. టేపు చెడిపోయిందని కుటుంబాలు అనుకునేది చాలాసార్లు ఈ చీలికలను చూసే. టేపులో లోపం లేదు. చదివిన తీరులో ఉంది.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వంటి కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ ఫుటేజ్‌ను ఫీల్డ్‌లు విడదీయకుండా వాడితే నష్టం అక్కడికక్కడే పెరుగుతుంది. 576 గీతలను 1080కి సాగదీసినప్పుడు పక్కపక్క గీతలు కలిసిపోతాయి. పక్కపక్క గీతలు వేర్వేరు క్షణాలవి కాబట్టి ఆ క్షణాలు కూడా కలిసిపోతాయి. ఆ తర్వాత వాటిని విడదీసే దారి లేదు. క్లిప్‌ను రెండు డిగ్రీలు తిప్పితే అడ్డగీతలు ఏటవాలుగా మారి, తర్వాత ఏ డీఇంటర్‌లేసర్‌కూ దొరకవు. లేయర్‌ను ఒక్క గీత పైకి జరిపి మళ్లీ ఇంటర్‌లేస్డ్‌గానే బయటికి తీస్తే ఫీల్డ్‌ల క్రమం తారుమారవుతుంది. కదలిక ముందుకూ వెనక్కూ ఊగుతుంది. బ్లర్, కీయింగ్, స్టెబిలైజేషన్, నాయిస్ తగ్గింపు అన్నీ పక్క గీతలను చూసి లెక్క కట్టేవే. అందుకే ఫీల్డ్‌లను విడదీయడం అన్ని పనులకన్నా ముందు జరగాలి. చివర్లో రెండర్ అయ్యాక డీఇంటర్‌లేస్ చేయడమన్నది చాలా యూనిట్లలో ఉన్న అలవాటు. క్లిప్ సైజు మారిన ప్రాజెక్టులో దానివల్ల చీలికలు మసకబారుతాయే తప్ప పోవు.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఆ పని టైమ్‌లైన్ మీద కాదు, ప్రాజెక్ట్ ప్యానెల్‌లో జరుగుతుంది. ఫుటేజ్‌ను ఎంచుకుని ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్ డైలాగ్ తెరిస్తే సెపరేట్ ఫీల్డ్స్ అనే మెనూ ఉంటుంది. అందులో ఆఫ్, అప్పర్ ఫీల్డ్ ఫస్ట్, లోయర్ ఫీల్డ్ ఫస్ట్ అని మూడు ఎంపికలు. ఆఫ్ తీసి క్రమం చెప్పగానే సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫీల్డ్‌ను వేరు చేసి, లేని గీతలను పక్క గీతల నుంచి అంచనా వేసి నింపి, దాన్ని పూర్తి ఫ్రేమ్‌గా చూపుతుంది. ప్రిజర్వ్ ఎడ్జెస్ అన్న పెట్టెలో టిక్ పెడితే, బెస్ట్ క్వాలిటీలో రెండర్ చేసేటప్పుడు కదలని చోట్ల అంచులు మరింత శుభ్రంగా వస్తాయి.

ఏ ఫీల్డ్ ముందు అన్నది ఫార్మాట్‌ను బట్టి ఉంటుంది. డీవీలో లోయర్ ముందు; పాల్ అయినా అమెరికా ఎన్‌టీఎస్‌సీ అయినా అంతే. హెచ్‌డీవీ, ఏవీసీహెచ్‌డీ 1080ఐలో అప్పర్ ముందు. వీహెచ్‌ఎస్ క్యాసెట్‌కు తనదంటూ స్థిరమైన జవాబు లేదు. డీవీ కన్వర్టర్ గుండా ఎక్కించి ఉంటే లోయర్, చాలా అనలాగ్ క్యాప్చర్ కార్డుల్లో అప్పర్. డీవీ ఫైలును ఆఫ్టర్ ఎఫెక్ట్స్ దానంతటదే గుర్తుపట్టి విడదీస్తుంది. కానీ చేతులు మారి, ఏదో కన్వర్టర్‌లో పడి లేచిన ఫైలులో ఆ సమాచారం ఉండకపోవచ్చు, తప్పుగానూ ఉండవచ్చు. ఫైలు మాట నమ్మడం కన్నా కంటితో పరీక్షించడమే మేలు.

పరీక్ష కష్టమైనది కాదు. ఒకే దిశలో నిలకడగా కదిలేది ఏదైనా ఉన్న ముక్క చాలు: వికారాబాద్ జంక్షన్ ప్లాట్‌ఫారం మీదికి వస్తున్న రైలు, బరాత్‌లో నడిచే కారు, అనంతగిరి ఘాట్‌లో బస్సు కిటికీలోంచి తీసిన చెట్లు. ముందు అప్పర్ అని చెప్పి, ఆ ఫుటేజ్‌ను సెకనుకు 50 ఫ్రేముల కంపోజిషన్‌లో వేసి, పేజ్ డౌన్ నొక్కుతూ ఒక్కో ఫ్రేమ్ ముందుకు వెళ్లాలి. రైలు ప్రతి అడుగుకూ ముందుకే వస్తే క్రమం సరైనది. మూడడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కు వేస్తున్నట్టు కనిపిస్తే క్రమం తప్పు, లోయర్‌కు మార్చాలి. అయిదారు ఫ్రేములకే తేలిపోతుంది. ఒకే ఇంటి టేపుల్లో కూడా క్రమం మారవచ్చు. ముహూర్తం ఒక కెమెరా, రిసెప్షన్ మరో కెమెరా తీసి ఉండవచ్చు కనుక కెమెరా మారిన ప్రతిచోటా పరీక్ష మళ్లీ చేయాలి.

కంపోజిషన్‌కు ఫ్రేమ్ రేటు 50 పెట్టడం పరీక్షకే కాదు, అసలు పనికి కూడా అవసరం. విడదీసిన ఫుటేజ్‌ను 25 ఫ్రేముల కంపోజిషన్‌లో వేస్తే, సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫ్రేమ్‌కు మొదటి ఫీల్డ్‌నే తీసుకుంటుంది. రెండోది కనిపించదు. చీలికలు పోయాయి కాబట్టి పని అయిపోయినట్టు అనిపిస్తుంది. నిజానికి సగం క్షణాలు రాలిపోయాయి. నాట్యంలో, ఊరేగింపులో కదలిక కుదుపుగా మారుతుంది. 50 ఫ్రేముల కంపోజిషన్‌లో ప్రతి ఫీల్డ్ తన సమయానికి తాను వస్తుంది, నాటి ట్యూబ్ టీవీలో కనిపించిన జారుడు కదలిక తిరిగి వస్తుంది. ఎల్‌ఈడీ తెరకు, కంప్యూటర్‌కు, ఫోన్‌కు ఇచ్చే ఫైలు ఇలా 50 ఫ్రేముల ప్రోగ్రెసివ్‌గా ఉండాలి. యూట్యూబ్‌లో పెట్టేదైతే 720 గీతలకు తగ్గకుండా పెంచి ఎక్కించాలి. అంతకన్నా చిన్న సైజుల్లో అది 50 ఫ్రేములు చూపదు.

స్లో మోషన్‌లో ఈ ఫీల్డ్‌ల విలువ మరీ బాగా తెలుస్తుంది. మామూలుగా 25 ఫ్రేముల క్లిప్‌ను సగం వేగానికి దించితే ప్రతి ఫ్రేమ్ రెండుసార్లు రావాలి, లేదంటే ఫ్రేమ్ బ్లెండింగ్‌తో నీడలు పడాలి. ఫీల్డ్‌లు విడదీసిన క్లిప్‌ను 25 ఫ్రేముల కంపోజిషన్‌లో వేసి, టైమ్ స్ట్రెచ్ 200 శాతం చేస్తే ఒక్కో ఫీల్డ్ ఒక్కో ఫ్రేమ్ అవుతుంది. ఏ అంచనా ఫ్రేమూ కల్పించకుండా, కెమెరా నిజంగా చూసిన క్షణాలతోనే సగం వేగం వస్తుంది. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, అప్పగింతలు ఇలా నిదానంగా చూపితే ఇరవై ఏళ్ల కిందటి మినీ డీవీ కూడా ఆశ్చర్యపరుస్తుంది.

పాత షాట్‌కు పేరు అతికించడానికో, ముఖం చుట్టూ వెలుగు పెట్టడానికో ట్రాకింగ్ చేసేటప్పుడు మోషన్ ట్రాకర్ ఆప్షన్లలోని ట్రాక్ ఫీల్డ్స్ పెట్టెకు టిక్ పెట్టాలి. అప్పుడు ట్రాకర్ రెండు ఫీల్డ్‌లలోనూ బిందువును వెతుకుతుంది. కంపోజిషన్ ఇప్పటికే 50 ఫ్రేములది అయితే ఆ అవసరం ఉండదు. మాస్కులు గీయాల్సి వస్తే పని రెట్టింపవుతుందన్నది నిజమే; 25 దగ్గర గీసిన మాస్క్ మధ్య ఫీల్డ్‌లో చెయ్యి నుంచి జారిపోతుంది. క్రోమా కీయింగ్‌లో మరో చిక్కు ఉంది. పాల్ డీవీలో రంగు సమాచారం వెలుగు సమాచారంలో నాలుగో వంతే, అదీ ఫీల్డ్‌కు ఫీల్డ్ విడిగా ఉంటుంది. దాన్ని ప్రోగ్రెసివ్ అనుకుని చదివితే ఎర్రచీర అంచు గళ్లుగళ్లుగా లేస్తుంది. అలాంటి క్లిప్‌కు కీ సెట్టింగులు ఎంత తిప్పినా అంచు కుదరదు. వెనక్కు వెళ్లి ఫీల్డ్ సెట్టింగ్ చూసుకోవాలి.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ఫీల్డ్‌ను నింపే తీరు సాదాసీదాది. 288 గీతల నుంచి 576 చేసేటప్పుడు ఏటవాలు అంచులు మెట్లుమెట్లుగా వస్తాయి, సన్నని అడ్డగీతలు కొద్దిగా పైకీ కిందికీ వణుకుతాయి. ముఖ్యమైన టేపుకు ఇంతకన్నా మంచి దారి ఉంది. కంపోజిటింగ్‌కు ముందే ఫైలును ఉచితంగా దొరికే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని బీడబ్ల్యూడిఫ్, యాడిఫ్ ఫిల్టర్లతోనో, ఏవీఐసింత్‌లో నడిచే క్యూటీజీఎంసీతోనో 50 ఫ్రేముల ప్రోగ్రెసివ్‌గా మార్చుకోవచ్చు. క్యూటీజీఎంసీ ముందు వెనకల ఫీల్డ్‌లలో కదలికను వెంబడించి లేని గీతలను నింపుతుంది కాబట్టి నిదానంగా నడుస్తుంది, కానీ ఫలితం మిగతావాటికి అందనంత బాగుంటుంది. రాత్రి పెట్టి పొద్దున చూసుకునే పని అది. ఒక కుటుంబానికి ఒకేసారి చేసే పనికి ఆ సమయం ఇవ్వడం సబబు. మధ్యలో తీసే ఫైలు ప్రోరెస్ వంటి బరువైన కోడెక్‌లో ఉండాలి. ఆ ఫైలును ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోకి తెచ్చాక సెపరేట్ ఫీల్డ్స్ ఆఫ్‌లో ఉందో లేదో తప్పక చూడాలి. ఒకసారి విడదీసినదాన్ని మళ్లీ విడదీస్తే ఉన్న నిగ్గు కూడా సగమవుతుంది.

విడదీయకూడనివి కూడా ఉన్నాయి. కొన్ని కెమెరాలు 25 ఫ్రేముల ప్రోగ్రెసివ్ బొమ్మను 50ఐ స్ట్రీమ్ లోపలే రాస్తాయి. ఫైలు ఇంటర్‌లేస్డ్ అని చెబుతుంది, కానీ రెండు ఫీల్డ్‌లూ ఒకే క్షణానివి. వేగంగా కదిలే చోట ఆపి చూసినా చీలికలు కనిపించకపోతే ఇదే సంగతి. టీవీలో వచ్చిన సినిమాను క్యాసెట్‌కు ఎక్కించుకున్నదీ ఇంతే. పాల్ దేశాల్లో సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25గా నడిపి చూపేవారు, రెండు ఫీల్డ్‌లకూ ఒకే ఫిల్మ్ ఫ్రేమ్ దక్కేది. ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లో కనిపించే పుల్‌డౌన్ మెనూతో ఇక్కడి టేపులకు పని లేదు. ఇక వీసీడీలు. పాల్ వీసీడీ సైజు 352 బై 288, అంటే ఒక్క ఫీల్డ్ ఎత్తు. రెండో ఫీల్డ్ ఆ డిస్క్ రాసిన రోజే పోయింది. ఇంట్లో వీసీడీ, క్యాసెట్ రెండూ ఉంటే డిస్క్ తేలిగ్గా కాపీ అవుతుందని దాన్నే తీసుకోవడం సరికాదు, క్యాసెట్ అడగాలి. డీవీడీ సంగతి వేరు. 720 బై 576లో ఫీల్డ్‌లు చాలావరకు అలాగే ఉంటాయి, అందులోని వీఓబీ ఫైళ్లను నేరుగా తీసుకుంటే పని జరుగుతుంది. టీవీ ముందు ఫోన్ పెట్టి తీసినది, చీలికలతోనే 360 గీతలకు కుదించి వాట్సాప్‌లో తిరిగినది బాగుపడవు.

అమెరికాలో స్థిరపడిన బంధువులు తెచ్చిన టేపులు ఎన్‌టీఎస్‌సీవి. అందులో బొమ్మకు 480 గీతలు, సెకనుకు 59.94 ఫీల్డ్‌లు. అక్కడి సీమంతం, ఇక్కడి పెళ్లి ఒకే వీడియోలో రావాలన్నప్పుడు రెండింటినీ ఫీల్డ్ దశలోనే విడదీసి, ఆ తర్వాతే ఒక రేటుకు తేవాలి. చీలికలు ఉండగానే 29.97 నుంచి 25కు మార్చితే వచ్చే ముసుగు నీడలను ఏ ఫిల్టరూ తీయలేదు.

ఆకారం గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. పాల్ డీవీ పిక్సెల్ చతురస్రం కాదు. 4:3 టేపును ఆఫ్టర్ ఎఫెక్ట్స్ చతురస్ర పిక్సెల్‌లలో 788 బై 576గా లెక్కిస్తుంది. దాన్ని 1080 ఎత్తుకు పెంచితే వెడల్పు సుమారు 1477 వస్తుంది, రెండు పక్కలా సుమారు 221 పిక్సెల్‌ల చొప్పున ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని పూలతోనో మసక నేపథ్యంతోనో నింపవచ్చు. బొమ్మను అడ్డంగా సాగదీసి తెర నింపడం మాత్రం వధూవరుల ముఖాలను పాడు చేయడమే. ఎంత మంది అడిగినా ఆ పని చేయకూడదు.

కేబుల్ చానెల్‌కు ఇచ్చే ఫైలు విషయంలో దారి వెనక్కు తిరుగుతుంది. ప్రసారం ఇంకా 576ఐ లేదా 1080ఐలో సాగే చోట కంపోజిషన్‌ను మళ్లీ ఫీల్డ్‌లుగా అల్లి ఇవ్వాలి. రెండర్ సెట్టింగ్స్‌లో ఫీల్డ్ రెండర్ అన్న మెనూ అందుకే. 25 ఫ్రేములకు రెండర్ చేస్తూ అప్పర్ లేదా లోయర్ ఎంచుకుంటే, సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫ్రేమ్‌కు రెండు క్షణాలను లెక్కించి అల్లుతుంది. గ్రాఫిక్స్ కూడా సెకనుకు 50 సార్లు కదిలి మెత్తగా నడుస్తాయి. ఏ క్రమం కావాలో చానెల్ కంట్రోల్ రూమ్‌ను అడిగే ఇవ్వాలి. హెచ్‌డీకి అప్పర్, డీవీ ఫైలుకు లోయర్.

అల్లిన బొమ్మలో సన్నని అడ్డగీతలు కుదురుగా నిలవవు. ఒక్క గీత మందం ఉన్నది ఒక్క ఫీల్డ్‌లోనే ఉంటుంది, అంటే సెకనుకు 25 సార్లు వెలిగి 25 సార్లు ఆరుతుంది. తాండూరు బండ పరిచిన హాలులో దీన్ని చూడవచ్చు. బండల మధ్య సందులు కెమెరాకు అడ్డంగా, సన్నగా పడతాయి; కెమెరా నెమ్మదిగా పైకి లేస్తుంటే నేల అంతా జలజలమంటుంది. జరీ అంచులదీ అదే కథ. షాట్‌లో ఉన్నదానికి రెడ్యూస్ ఇంటర్‌లేస్ ఫ్లికర్ ఎఫెక్ట్‌ను కొద్దిగా వాడి నిలువు దిశలో మెత్తబరచవచ్చు. ఎక్కువైతే ముఖం కూడా మెత్తబడుతుంది.

గ్రాఫిక్స్‌లో అయితే ఆ తప్పు రాకుండా మొదటే చూసుకోవచ్చు. తెలుగు అక్షరాలకు ఇందులో ప్రత్యేక జాగ్రత్త కావాలి. తలకట్టు, గుడి మొన, ఒత్తుల తోకలు అడ్డంగా సాగే సన్నని గీతలు. కింద స్క్రోల్‌లో చిన్న సైజు సన్న ఫాంట్‌తో వధూవరుల పేర్లు వేస్తే తలకట్లు మినుకుతాయి, ఒత్తులు మాయమవుతాయి. అక్షరంలో అతి సన్నని భాగం కూడా కనీసం రెండు గీతల మందం ఉండేలా లావు ఫాంట్ తీసుకోవాలి. పట్టీకి పైన ఒక్క గీత బంగారు అంచు పెట్టే అలవాటు మానుకోవాలి. స్క్రోల్ నిలువుగా కదిలేదైతే ఫీల్డ్‌కు పూర్తి గీతల లెక్కన కదలాలి. ఫీల్డ్‌కు ఒక గీత, అంటే ఫ్రేమ్‌కు రెండు గీతల వేగంతో కదిలే స్క్రోల్‌లో అక్షరంలోని ప్రతి గీత ఎప్పుడూ ఒకే ఫీల్డ్‌కు చిక్కుతుంది, సగం వివరం అసలు కనిపించదు. ఫీల్డ్‌కు రెండు గీతల వేగం క్షేమం.

ఇక మూలం. మినీ డీవీని ఫైర్‌వైర్ ద్వారా ఎక్కిస్తే టేపులో ఉన్న అంకెలే యథాతథంగా వస్తాయి, గంటకు సుమారు 13 జీబీ. దాన్ని అనలాగ్ తీగ గుండా క్యాప్చర్ కార్డుతో తీయడం అనవసర నష్టం. వీహెచ్‌ఎస్‌కు ఆడే ప్లేయరే కరువవుతోంది. జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జూలైలో వీసీఆర్ల తయారీ ఆపేసింది, కాబట్టి ఉన్న ప్లేయర్ల హెడ్లు బాగున్నప్పుడే ఎక్కించుకోవాలి. క్యాప్చర్ చేసేటప్పుడు డీఇంటర్‌లేస్ అన్న టిక్ తీసేయాలి. ఈనాటి ఫిల్టర్ చేసిన పని కన్నా రేపటిది మెరుగ్గా చేయవచ్చు. ఆ అవకాశం ఫీల్డ్‌లు చెదరని ఫైలుకే ఉంటుంది. కుటుంబానికి హార్డ్ డిస్క్ ఇచ్చేటప్పుడు మెరుగుపరిచిన వీడియోతో పాటు ఈ మూల ఫైలును కూడా ఇవ్వాలి. ఫైలు పేరులోనే టేపు రకం, పాల్ లేదా ఎన్‌టీఎస్‌సీ, అప్పర్ లేదా లోయర్ అన్నది రాసి ఉంచితే, మరో పదేళ్లకు ఇంకో యూనిట్‌లో దాన్ని తెరిచే ఎడిటర్‌కు పరీక్షతో పని ఉండదు.